గీత దగ్గర బూట్లు చూడండి: అథ్లెటిక్స్ పోటీల నిర్వాహకులకు బహిరంగ లేఖ

జిల్లా, రాష్ట్ర స్థాయి అథ్లెటిక్స్ పోటీల నిర్వాహకులకు, పాఠశాల క్రీడల అధికారులకు, ఎంపిక కమిటీల సభ్యులకు, తోటి వ్యాయామోపాధ్యాయులకు,

నమస్కారం.

మేం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో దూరపరుగు పిల్లలకు శిక్షణ ఇచ్చేవాళ్లం. మాలో కొందరు పీఈటీలు, కొందరు పోటీల్లో స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడే టెక్నికల్ అఫిషియల్స్. పిల్లల పందేల్లోకి వచ్చిపడిన కార్బన్ ప్లేటు బూట్ల (మందపాటి ఫోము అడుగులో గట్టి రేకు ఉండే ఖరీదైన పందెం బూట్ల) విషయం తేల్చమని ఎంపిక పోటీలు నడిపేవారికి రెండుసార్లు వినతిపత్రం ఇచ్చాం. చేరినట్టు సంతకం పెట్టారు గానీ జవాబు ఇవ్వలేదు. రెండోసారి నోటిమాటగా వచ్చింది ఇది: "బూట్లు ఎవరిష్టం వారివి, మీరు పిల్లల్ని పరిగెత్తించండి చాలు." అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాం. ఎవరి పేరూ రాయడం లేదు.

గ్రౌండులో రెండు మాటలు వినిపిస్తున్నాయి. ఖరీదైన బూట్లు వేసుకున్న పిల్లాడు గెలిస్తే "బూట్లు గెలిచాయిరా, వాడు కాదు" అంటారు. ఓడిన పిల్లాడి తరఫు వాళ్లు "మావాడికీ అవి ఉంటేనా..." అంటారు. మొదటి మాట అన్యాయం. ఆ బూట్లు వేసుకున్నవాడు కూడా తెల్లవారుజామున నాలుగున్నరకు లేచినవాడే. వారానికి యాభై, అరవై కిలోమీటర్లు వాడి కాళ్లే పరిగెత్తాయి. ఏ బూటూ ఆ పని చేసిపెట్టదు. రెండో మాటలో మాత్రం కొంత నిజం ఉంది. ఆ కొంత ఎంత అన్నది కొలిచి మాట్లాడాలి. మా ఫిర్యాదు పిల్లల మీద కాదు, వాళ్ల తల్లిదండ్రుల మీదా కాదు. వేర్వేరు బూట్లతో, వేర్వేరు గ్రౌండ్లలో వచ్చిన టైములను ఒకే కాగితం మీద వరసగా రాసి, పైనున్న ఇద్దరిని తీసుకుని మిగతావాళ్లను ఇంటికి పంపే పద్ధతి మీద.

1. ఆ బూటులో ఏముంది

2017లో నైకీ వేపర్‌ఫ్లై మార్కెట్లోకి వచ్చేదాకా పందెం బూటంటే పలచటి అడుగు, తక్కువ బరువు. ఆ తర్వాత లెక్క మారిపోయింది. మందపాటి ఫోము, అందులో గట్టి ప్లేటు, అయినా బరువు తక్కువ. మామూలు బూట్ల అడుగున ఉండేది ఈవీఏ ఫోము. కొత్తవాటిలో ఎక్కువగా ఉండేది పీబా అనే ఇంకో రకం ఫోము. పాదం దిగినప్పుడు ఫోము అణుగుతుంది, లేచేటప్పుడు తాను మింగిన శక్తిలో కొంత తిరిగిస్తుంది. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం పరిశోధకులు యంత్రంతో నొక్కి కొలిస్తే, ఈవీఏ పందెం బూటు దాదాపు 66 శాతం, అడిడాస్ బూస్ట్ ఫోము 76 శాతం, వేపర్‌ఫ్లై నమూనా 87 శాతం తిరిగిచ్చాయి. మంచి రన్నర్లు 18 మందిని పరిగెత్తించి చూస్తే, అదే వేగానికి ఒంటికి అయ్యే శక్తి ఖర్చు సగటున 4 శాతం తగ్గింది.

అందరి కళ్లూ కార్బన్ మీదే ఉంటాయి గానీ, తర్వాత జరిగిన ఇంకో ప్రయోగంలో అదే బూటులోని ప్లేటును అడ్డంగా కోసేసి పరిగెత్తించారు. తేడా అర శాతం దగ్గరే ఆగిపోయింది. పని ఎక్కువగా చేసేది ఫోము. మెత్తటి మందపాటి ఫోము పక్కకు కుంగిపోకుండా ప్లేటు నిలబెడుతుంది, బొటనవేలి కీలు దగ్గర వంపు తగ్గిస్తుంది. అందుకే "ప్లేటు లేదు కదా" అన్న ఒక్క మాటతో ఈ వ్యవహారం తేలదు.

పెద్దవాళ్ల పోటీల్లో దీని ఫలితం అందరికీ తెలిసిందే. 2019 అక్టోబరు 12న వియన్నాలో కెన్యా రన్నర్ కిప్‌చోగె ఈ రకం బూట్లతోనే మారథాన్ దూరాన్ని 1:59:40లో పరిగెత్తాడు. మర్నాడే షికాగోలో బ్రిజిడ్ కోస్గె 2:14:04తో, 2003 నుంచి నిలిచిన పౌలా రాడ్‌క్లిఫ్ రికార్డును చెరిపేసింది. 2020లో ఉగాండా రన్నర్ చెప్టెగై కొత్త రకం స్పైక్సుతో (అడుగున మేకుల్లాంటి పిన్నులుండే ట్రాకు బూట్లతో) 5,000, 10,000 మీటర్ల రికార్డులు రెండూ తీసేశాడు. అవి రెండూ ఇథియోపియా రన్నర్ బెకెలెవి, పదిహేనేళ్లకు తగ్గకుండా నిలిచినవి. మన దేశంలో 10,000 మీటర్లలో సురేంద్ర సింగ్ 2008లో పెట్టిన 28:02.89 పదహారేళ్లు కదల్లేదు. 2024లో గుల్‌వీర్ సింగ్ దాన్ని దాటి, 2025 మార్చి నాటికి 27:00.22 దాకా తెచ్చాడు. గుల్‌వీర్ పరుగును తక్కువ చేయడానికి ఇది రాయడం లేదు. ఆ స్థాయి పందెంలో గీత మీద నిలబడ్డ అందరి కాళ్లకూ అలాంటి స్పైక్సే ఉంటాయి కాబట్టి, ఎవరు ముందొచ్చారో వారిదే గెలుపు. మన జిల్లా పోటీలో గీత మీద ఒకడికి ఇరవై వేల బూట్లు, పక్కవాడికి బడికి వేసుకొచ్చే కాన్వాసు బూట్లు, ఆ పక్కవాడికి ఒట్టి కాళ్లు.

ఆమదాలవలస నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి పతకం తెచ్చినప్పుడు, వేదిక మీద బార్ అందరికీ ఒక్కటే. దూరపరుగుకు ఆ సౌకర్యం లేదు. సామాను ఎవరింటి నుంచి వాళ్లే తెచ్చుకోవాలి.

2. మన పిల్లల పందెంలో అది ఎన్ని సెకన్లు

శక్తి ఖర్చు 4 శాతం తగ్గితే టైము 4 శాతం తగ్గదు. వేగం పెరిగేకొద్దీ గాలి ఎదురొత్తుతుంది, కాబట్టి టైములో లాభం అంతకంటే తక్కువే. ట్రాకు స్పైక్సు మీద జరిగిన ప్రయోగాల్లో తేడా 2 శాతం అటూఇటూగా వచ్చింది. మేం ఇంకా తగ్గించి, ఒక్క శాతమే అనుకుందాం. 3,000 మీటర్లు పది నిమిషాల్లో పరిగెత్తే కుర్రాడికి ఒక శాతం అంటే ఆరు సెకన్లు. ఆ వేగంలో సెకనుకు ఐదు మీటర్లు, కాబట్టి ముప్ఫై మీటర్లు. ఒకడు చివరి వంపు తిరిగి నేరుగా వచ్చేస్తుంటే, ఇంకొకడు ఇంకా వంపులోనే ఉన్నంత దూరం.

"అయితే ఆ బూట్లు వేసుకున్నవాళ్ల టైముకు ఆరు సెకన్లు కలిపేయండి" అని కొందరు సలహా ఇస్తున్నారు. కుదరదు. లాభం అందరికీ ఒకేలా ఉండదు. ప్రపంచస్థాయి కెన్యా రన్నర్లు ఏడుగురి మీద చేసిన పరీక్షలో ఒకరికి 11 శాతం దాకా లాభం కనిపిస్తే, ఇంకొకరికి దాదాపు అంతే నష్టం కనిపించింది. గంటకు 10, 12 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తేవారికి లాభం ఒక శాతం చుట్టూనే తిరిగింది. పైగా ఈ కొలతలన్నీ ట్రెడ్‌మిల్ మీద, గట్టి నేల మీద తీసినవి. మన మట్టి ట్రాకు మీద, వాన పడిన మర్నాడు, ఆ మెత్తటి మందపాటి అడుగు వంపులో పక్కకు ఒరుగుతుంది. 200 మీటర్ల చిన్న ట్రాకులో వంపు ఇంకా బిగుతు. అక్కడ బూటు సాయం ఎంతో, చీలమండ బెణుకు ఎంతో ఎవరి కాలిని బట్టి వాళ్లకు. ఇంత తేడా ఉన్నదానికి ఒక అంకె పెట్టి తీసివేతలు చేస్తే అది లెక్క కాదు, జాతకం.

3. బూట్ల కంటే ముందు ట్రాకు

ఈ మాట మా వాళ్లకే కొందరికి నచ్చదు గానీ చెప్పాలి. మనం రాసుకునే టైములు బూట్లు లేకుండానే తప్పుతున్నాయి. లోపలి అంచున కర్బు (కాస్త ఎత్తుగా కట్టిన అంచు) ఉన్న ట్రాకులో మొదటి లేను దూరాన్ని కర్బుకు 30 సెంటీమీటర్లు బయట కొలవాలి. కర్బు లేకుండా గీత మాత్రమే ఉంటే 20 సెంటీమీటర్లు బయట. మన గ్రౌండ్లలో ఉండేది సున్నం గీత. చాలాచోట్ల టేపును ఆ గీత మీదే పరిచి 400 తేల్చేస్తారు. పిల్లాడు గీత మీద పరిగెత్తడు, దానికి జానెడు బయట పరిగెత్తుతాడు. ల్యాపుకు 1.26 మీటర్లు ఎక్కువ పడుతుంది. 3,000 మీటర్లకు ఏడున్నర ల్యాపులు, అంటే తొమ్మిదిన్నర మీటర్లు, దాదాపు రెండు సెకన్లు. 200 మీటర్ల ట్రాకయితే పదిహేను ల్యాపులు, పంతొమ్మిది మీటర్లు, నాలుగు సెకన్లకు దగ్గర. రాత్రి వాన పడి పొద్దున మళ్లీ సున్నం వేసేటప్పుడు గీత నాలుగు వేళ్లు లోపలికో బయటికో జరిగితే ఆ తేడా వేరే.

ఇప్పుడు చూడండి. సరిగ్గా కొలిచిన గ్రౌండులో ప్లేటు బూట్లతో పరిగెత్తినవాడికీ, గీత మీద కొలిచిన 200 మీటర్ల మట్టి ట్రాకులో కాన్వాసు బూట్లతో పరిగెత్తినవాడికీ మధ్య ఎనిమిది, పది సెకన్ల తేడా కాళ్లతో సంబంధం లేకుండానే వచ్చేస్తుంది. ఎంపిక జాబితాలో రెండో స్థానానికీ ఐదో స్థానానికీ మధ్య ఉండేది చాలాసార్లు అంతకంటే తక్కువ.

4. ఆ సెకన్ల మీద ఏమేం ఆధారపడి ఉన్నాయి

పందెంలో ముప్ఫై, నలభై మంది దిగితే రెండు బ్యాచీలుగా పరిగెత్తిస్తున్నారు. తర్వాత ఫైనల్ పెట్టకుండా రెండు బ్యాచీల టైములు కలిపి జాబితా రాస్తున్నారు. పొద్దున ఏడింటికి పరిగెత్తిన బ్యాచీకీ, పదకొండింటి ఎండలో పరిగెత్తిన బ్యాచీకీ ఒకే కొలత.

ఆ జాబితాలో పేరుంటే రాష్ట్ర పోటీలు. అక్కడ నిలబడితే జాతీయ పాఠశాల క్రీడలు, ఫారం-4 సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్‌తో క్రీడల కోటాలో కాలేజీ సీటు, ఉద్యోగం. పలాస, మందస వైపు జీడితోటల్లో కూలికి వెళ్లే ఇంటి పిల్లకు, కళింగపట్నం ఒడ్డున వలలు లాగే ఇంటి పిల్లాడికి ఆ కాగితం ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. పేరు లేకపోతే ఆ ఏడాదికి అంతే. పదో తరగతి అయ్యాక ఆడపిల్లలను మళ్లీ గ్రౌండుకు పంపే ఇళ్లు తక్కువ. వాళ్లకు వచ్చే ఏడాది అన్నది ఉండదు.

ఆర్మీ ర్యాలీకి తయారయ్యే కుర్రాళ్లది ఇంకో కథ. అగ్నివీర్ ఎంపికలో 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు పూర్తి చేస్తే 60 మార్కులు. 31వ సెకను నుంచి 45 దాకా 48 మార్కులే. ఆ ఒక్క సెకనుకు పన్నెండు మార్కులు కాబట్టి కోచింగుల్లో ప్లేటు బూట్ల బేరాలు జోరుగా సాగుతున్నాయి. అది మీ చేతిలో లేనిది. కానీ అక్కడి గాలి అండర్-14 దాకా వచ్చిందని మీరు గుర్తించాలి.

5. ధర

పేరున్న కంపెనీ ప్లేటు బూట్లు జత ఇరవై వేలకు అటూఇటూ. మన రాష్ట్రంలో 2025-26లో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. ఒక జతకు 65 రోజుల కూలి. ఆ ఫోము నాలుగైదు వందల కిలోమీటర్లకే చాలావరకు సత్తువ కోల్పోతుంది. 138 గ్రాముల బరువు, 500 డాలర్ల ధరతో వచ్చిన అడిడాస్ అడియోస్ ప్రో ఎవో బూటు గురించి అయితే తయారుచేసినవాళ్లే ఒక మారథాన్‌కు, దానికి ముందు కాస్త అలవాటు పరుగుకు అని చెప్పారు. ఇంతా చేస్తే పదమూడేళ్ల పిల్లాడి పాదం ఆరునెలల్లో సైజు మారిపోతుంది.

6. కాళ్లకు జరిగేది

2023లో క్రీడావైద్య పత్రికలో ఐదుగురు రన్నర్ల కేసులు వచ్చాయి. కార్బన్ ప్లేటు బూట్లతో పరిగెత్తాక పాదం మధ్యలో ఉండే నావిక్యులర్ ఎముకకు ఒత్తిడి గాయం. ఆ ఎముకకు రక్తప్రసారం తక్కువ, చీలిక వస్తే మానడం ఆలస్యం. ఐదు కేసులతో బూట్లన్నీ ప్రమాదమని మేం అనడం లేదు. అయితే పెద్దవాళ్ల గట్టిపడిన ఎముకలకే ఇది జరిగితే, ఇంకా పెరుగుతున్న పాదాల విషయంలో తొందర ఎందుకని అడుగుతున్నాం. తిండి చాలక, రక్తం తక్కువై, నెలసరి ఆగిపోయినా చెప్పుకోలేక పరిగెత్తే ఆడపిల్లల ఎముకలు ముందే బలహీనంగా ఉంటాయి.

మా కళ్ల ముందు ఎక్కువగా కనిపించేవి ఇంకో రెండు. ఒకటి, అరువు బూట్లు. ఒక బ్యాచీ అవగానే గీత దగ్గరే బూట్లు చేతులు మారుతున్నాయి. సైజు ఎనిమిది బూటులో ఏడో సైజు కాలు పెట్టి, ముందు గుడ్డముక్క కుక్కుతారు. మందపాటి అడుగు మీద మడమ లోపల జారుతుంటే మొదటి ల్యాపులోనే పొక్కులు లేస్తాయి. ముందుకు జారి వేళ్లు గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి. వంపులో చీలమండ మడతపడుతుంది. నిలబడినప్పుడు పొడవాటి వేలికి ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి, మడమ కదలకూడదు. ఈ రెండూ లేని బూటు ఎంత ఖరీదైనదైనా చెడ్డ బూటే.

రెండోది డూప్లికేటు. పైన అదే డిజైను, అదే రంగు. లోపల మామూలు ఈవీఏ, మధ్యలో ఓ గట్టి ప్లాస్టిక్ రేకు. తిరిగిచ్చే ఫోము లేదు కాబట్టి లాభం లేదు, వంగని రేకు ఉంది కాబట్టి పిక్క మీద, ముందు పాదం మీద బరువు మాత్రం పడుతుంది. రెండున్నర వేలు పెట్టి నొప్పిని కొనుక్కున్నట్టే. ఒట్టి కాళ్లతో పెరిగిన పిల్లలు ముందు పాదం మీద దిగడానికి అలవాటుపడి ఉంటారు. అలాంటివాళ్లకు పందెం ముందురోజు ఏ కొత్త బూటూ తొడగకండి. ఆరు నుంచి ఎనిమిది వారాలు, మొదట 80 మీటర్ల పరుగులు నాలుగు, తర్వాత ఆరు, ఆపైన ల్యాపులు. అలా అలవాటు చేయాలి.

7. నియమం ఉంది, కానీ గుడ్డిగా పెడితే పేదపిల్లాడే బలి

ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ 2020లో రోడ్డు పందేలకు అడుగు మందం 40 మిల్లీమీటర్లు దాటకూడదని, ఒకటి కంటే ఎక్కువ ప్లేట్లు ఉండకూడదని నియమం పెట్టింది. ట్రాకులో 800 మీటర్లు, ఆపై పందేలకు మొదట 25 మిల్లీమీటర్లు ఒప్పుకుని, 2024 నవంబరు 1 నుంచి ట్రాకు పందేలన్నిటికీ 20కి తగ్గించింది. "అదే నియమం మనమూ పెట్టేద్దాం" అనడం తేలిక. కానీ బజార్లో వెయ్యి, పదిహేను వందలకు దొరికే మామూలు జాగింగు బూటు మడమ ముప్ఫై మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. ఆ బూటుతో పిల్లాడికి ఒరిగేదేమీ లేదు, ఫోము ఈవీఏ, ప్లేటు లేదు, బరువు ఎక్కువ. నియమం చూస్తే మాత్రం అతను అనర్హుడు. అదే సమయంలో 20 మిల్లీమీటర్ల లోపే ఉన్న పీబా ఫోము స్పైక్సు దర్జాగా గీత మీదకు వస్తాయి. పైవాళ్ల పోటీలకు రాసిన నియమం మండల స్థాయికి అలాగే దించితే, ఎవరి కోసం అడుగుతున్నామో వాళ్లే బయట నిలబడతారు.

వయసును బట్టి సామాను మార్చడం మనకు కొత్తేమీ కాదు. పురుషుల షాట్ 7.26 కిలోలయితే అండర్-20 కుర్రాళ్లకు 6, అండర్-18కి 5. బూట్లకు మాత్రం ఏ వయసు లెక్కా ఎందుకు లేదు?

మేం కోరేవి ఇవి.

మొదటిది: అండర్-14, అండర్-17 విభాగాల్లో 800 మీటర్లు, ఆపై పందేలకు లోపల ప్లేటు ఉన్న బూట్లు వద్దనండి. స్పైకు పిన్నులు బిగించే అడుగు రేకును దీని నుంచి మినహాయించండి, లేకపోతే ప్రతి స్పైక్సు జతా తగాదాయే. మామూలు జాగింగు బూట్లకు మందం పరిమితి 40 మిల్లీమీటర్లే ఉంచండి. ప్లేటు లేని ఖరీదైన ఫోము బూట్లు దీనిలోంచి జారిపోతాయని మాకు తెలుసు. గీత దగ్గర ఫోము రకం తేల్చే సాధనం ఎవరి దగ్గరా లేదు, నిమిషంలో పరీక్షించగల నియమమే నిలబడుతుంది. అండర్-19, 20 విభాగాల్లో రాష్ట్ర స్థాయి నుంచి 20 మిల్లీమీటర్ల నియమం పెట్టి, ఆ సంగతి పోటీల సర్క్యులర్‌లోనే, కనీసం రెండు నెలల ముందు తెలుగులో రాయండి.

రెండోది: తనిఖీ పందేనికి ముందు జరగాలి. 2021లో వియన్నా మారథాన్‌లో డెరారా హురిసా మొదట వచ్చి గెలిచాక, అడుగు 4 సెంటీమీటర్లకు బదులు 5 ఉందని తేలి గెలుపు పోగొట్టుకున్నాడు. పదిహేనేళ్ల పిల్లకు ఆ అవమానం వద్దు. కాల్ రూములో (పందేనికి ముందు పిల్లలను పిలిచి హాజరు చూసే చోట) ఒక బల్ల, రెండు స్కేళ్లు చాలు. బూటు మడమ ఒక చేత్తో పట్టుకుని వేళ్ల భాగాన్ని బల్లకు ఆనించి నొక్కండి. మామూలు బూటు బొటనవేలి మొదలు దగ్గర మడత పడుతుంది. ప్లేటున్నది ఒకే చెక్కలా లేచి, వదలగానే టక్కున వెనక్కొస్తుంది. అనుమానముంటే తిరగేసి చూడండి, చాలా మోడళ్లలో అడుగు మధ్య సందులో ప్లేటు కనిపిస్తుంది. మందానికి బయటి గోడ కొలవకండి. పాదం కూర్చునే చోటు కంటే ఆ గోడ ఎత్తుగా ఉంటుంది, 30 ఉన్న బూటు 40లా కనిపిస్తుంది. బూటును బల్ల మీద పెట్టి, మడమ పై అంచున అడ్డంగా ఒక స్కేలు ఉంచండి. స్కేలు నుంచి బల్లకు ఎత్తు, స్కేలు నుంచి లోపలి అట్టకు లోతు కొలవండి. ఎత్తు 96, లోతు 58 అయితే మందం 38. లోపలి అట్ట తీయకుండానే కొలవాలి, అదీ మందంలో భాగమే. బూటు లోపలి పొడవులో మడమ నుంచి 12 శాతం దగ్గర కొలవాలని నియమం. 26 సెంటీమీటర్ల బూటుకు అది మడమ నుంచి మూడు సెంటీమీటర్లు.

మూడోది: టైములు కలిపి జాబితా రాయడం ఆపండి. రెండు బ్యాచీలయితే ఒక్కో దాంట్లోంచి మొదటి ఆరుగురితో ఫైనల్ పెట్టండి. 3,000 మీటర్లకు ఒకే రోజు రెండుసార్లు పరిగెత్తించకుండా మర్నాడు పెట్టండి. ఒకే గీత, ఒకే ఎండ, ఒకే ట్రాకు మీద వచ్చిన స్థానాన్ని బట్టే ఎంపిక. వేరే గ్రౌండు టైముతో పోల్చాల్సి వస్తే, ఫలితాల కాగితంలో మూడు గళ్లు అదనంగా ఉండాలి: ట్రాకు ఎంత పొడవు, ఎక్కడ కొలిచారు, కాలికి ఏముంది. ఒట్టి కాళ్లా, మామూలు బూటా, స్పైక్సా, ప్లేటు బూటా. ఇది ఎవరినీ తప్పుపట్టడానికి కాదు. ఐదేళ్ల తర్వాత రికార్డు చూసేవాడికి ఆ టైము ఏమిటో అర్థం కావాలి.

నాలుగోది: బూట్లు లేవని పిల్లలను గీత దగ్గర నుంచి వెనక్కి పంపకండి. ఒట్టి కాళ్లతో, ఒక కాలికి బూటుతో కూడా పోటీపడొచ్చని అంతర్జాతీయ నియమంలోనే ఉంది. ఒట్టి కాళ్లతో పరిగెత్తడానికి పేరుపడ్డ శివనాథ్ సింగ్ 1978లో జలంధర్‌లో పెట్టిన 2:12:00 మారథాన్ రికార్డును నలభై ఏళ్లకు పైగా మన దేశంలో ఎవరూ దాటలేదు. ఇంత తెలిసీ "యూనిఫాం లేదు, బూటు లేదు" అని పన్నెండేళ్ల పిల్లను పక్కన కూర్చోబెట్టడం ఏం న్యాయం?

ఐదోది: జిల్లాకు ఒక పెట్టె స్పైక్సు కొనండి. నాలుగో సైజు నుంచి తొమ్మిది దాకా సైజుకు రెండు జతలు, మొత్తం పన్నెండు. జత రెండున్నర వేల చొప్పున ముప్ఫై వేలు, ఒకటిన్నర జతల ప్లేటు బూట్ల ఖరీదు. మండల పీఈటీలు సంతకం పెట్టి పోటీలకు రెండు నెలల ముందు తీసుకెళ్తారు, అయ్యాక తెచ్చిస్తారు. విడిగా రెండు వందల పిన్నులు, వాటిని బిగించే తాళాలు నాలుగు. మన కోస్తా తేమకు పిన్నులు తుప్పు పడతాయి, ఎర్రమట్టి మరల్లో గట్టిపడితే తర్వాత తాళం తిరగదు. ప్రతి పోటీ అయ్యాక విప్పి, మర శుభ్రం చేసి, చుక్క గ్రీజు రాసి దాచాలి. ఈ పని చేయకపోతే ఆ పెట్టె రెండో ఏడాదికి ఇనప సామానే. ముందే చెబుతున్నాం.

ఆరోది చిన్నది. మైకు పట్టుకునే పెద్దలు, దయచేసి బూట్ల మీద జోకులు వేయకండి. ప్లేటు బూటు వేసుకున్న పిల్లాడు నియమం తప్పలేదు, మీరు నియమం పెట్టలేదు.

మండల స్థాయి ఎంపికలు మొదలయ్యేలోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోవడం లేదో రాయండి, అదీ జవాబే. తనిఖీకి మనుషులు లేరనే మాట రావచ్చు. మాలో ఇద్దరు చొప్పున ప్రతి పోటీకీ సొంత ఖర్చుతో వచ్చి కాల్ రూములో కూర్చుంటాం. పొద్దున ఆరింటికి ట్రాకు మళ్లీ కొలవడానికి యాభై మీటర్ల స్టీలు టేపు కూడా మేమే తెస్తాం. మీరు బల్ల వేయించి, ఆర్డరు కాగితం మీద సంతకం పెట్టండి.

ఇట్లు,
శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల దూరపరుగు శిక్షకులు, వ్యాయామోపాధ్యాయులు, టెక్నికల్ అఫిషియల్స్